దేవుని మూటకు వంకలు పెట్టే మత్తయ్య

తాండూరు మత్తయ్యకు వంక పెట్టకుండా ఏ వస్తువునూ ముట్టే అలవాటు లేదు. చాయ్ ఇస్తే కప్పును గోటితో కొట్టి చూసి తాగేవాడు. రొట్టె పెడితే చెవి దగ్గర పెట్టుకుని మునివేళ్లతో తట్టేవాడు. పెళ్లికి పిలిస్తే పందిరి గుంజలు నాలుగూ తట్టి, "గీ గుంజకు నెర్రె ఉన్నది" అని పదిమందిలో ప్రకటించి, అప్పుడు గాని లోపల అడుగు పెట్టేవాడు కాదు. పెళ్లివారు ముఖాలు మాడ్చుకునేవాళ్లు. ఆయన మాత్రం లోపలికి పోయి, శుభ్రంగా కూర్చుని, పప్పులో ఉప్పు చాలలేదని చెప్పి, రెండోసారి వడ్డించుకునేవాడు.

ఇదంతా చేసే పని అంటించిన రోగం. గనుల్లో తీసిన నాపరాళ్ల బండలు రైలెక్కి హైదరాబాదుకు పోయే ముందు, స్టేషను పక్క అడ్డాలో ఒక్కొక్కదాన్నీ చిన్న సుత్తెతో తట్టి చూడాలి. ఖంగుమంటే మంచి బండ. బద్దుమంటే లోపల కంటికి కనబడని నెర్రె, అంటే పగులు. మత్తయ్య ముప్ఫై ఏళ్లుగా తడుతున్నాడు. నిజాం కాలంలో తట్టాడు, పోలీస్ యాక్షన్ నాడూ తట్టాడు, నయా పైసలు వచ్చాక కూడా తడుతూనే ఉన్నాడు. ఆయన సరే అన్న బండ తర్వాత పగిలిందన్న మాట ఎవరూ వినలేదు. బాగానే ఉంది. కాని బండలు తట్టేవాడు బండలు తట్టి ఊరుకోవాలి గదా!

ఊరుకునే రకం కాదు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరుగారు గుమ్మం దగ్గర నిలబడి అందరి చేతులూ పట్టుకుంటూ, ఖర్మ కాలి, "ప్రసంగం ఎట్లుందయ్యా మత్తయ్యా?" అని అడిగారు.

"మంచిగుండె అయ్యగారు. రెండో మాట కాడ జర నెర్రె ఉన్నది."

పాస్టరుగారికి ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదట. ఇంతటివాణ్ణి తీసుకొచ్చి చర్చి గుమ్మంలో కూర్చోబెట్టింది మళ్లీ ఆ పాస్టరుగారే. అదీ విచిత్రం.

ఏటా జొన్నలు, కందులు ఇంటికి చేరాక చర్చిలో పంటల పండుగ జరుగుతుంది. ఎవరి పంటలోంచి, ఎవరి కూలిగింజల్లోంచి వాళ్లు మొదటి వాటా తీసి గుడ్డలో కట్టి ఇంటి దూలానికి వేలాడదీస్తారు. అది దేవుని మూట. ఇల్లు ఆకలితో అల్లాడినా దాన్ని ఎవరూ ముట్టరు. పండుగనాడు అవన్నీ చర్చికి తెస్తే, ఆరాధనయ్యాక హర్రాజు పాడతారు. ఇంతవరకు ఏ తప్పూ లేదు. కాని జనం జనమే గదా. కూతపెట్టని పుంజులు, నీళ్లలో వేస్తే పైకి తేలే గుడ్లు, ఇంట్లో ఎవరూ తినని గుమ్మడికాయలు, అన్నీ పళ్లికిలిస్తూ తెచ్చి దేవుని ముందు పెట్టడం మొదలుపెట్టారు. పాస్టరుగారు విసిగిపోయి, "మత్తయ్యా, ఇక గుమ్మంల నువ్వు కూసో. మంచియి గానియి లోపలికి రానియ్యకు" అన్నారు.

ఇంకేం! కోతికి కొబ్బరికాయ దొరికింది.

మొదటి ఏడే బండల కాంట్రాక్టరు బాల్‌రాజ్‌తో పెట్టుకున్నాడు. బాల్‌రాజ్ గుమ్మడికాయ తెచ్చాడు. మత్తయ్య తట్టాడు. "నెర్రె ఉన్నది. ఇంకోటి పట్కరా." బాల్‌రాజ్ ఇంకో గుమ్మడికాయ తెచ్చాడు. "దీనికీ ఉన్నది. ఇంకోటి పట్కరా." మూడోసారి బాల్‌రాజ్‌కు రోషం వచ్చి, "దీన్ని గూడ తట్టు సూస్త!" అని ఏకంగా మేకపోతును ఈడ్చుకొచ్చాడు. మత్తయ్య దాని కొమ్ములు రెండూ సుత్తెతో తట్టి, చెవి ఒగ్గి విని, "గిది నడుస్తది" అన్నాడు. తన దగ్గర కూలి చేసే మనిషి తనను గుమ్మంలో మూడుసార్లు తిప్పాడని బాల్‌రాజ్ ఏడాది పొడుగునా ఉడికిపోయాడు.

అయినా బాల్‌రాజ్ కోపం ఓ కోపమా! సంతోషమ్మ కోపం ముందు అది చలిమంట.

సంతోషమ్మ కందులు ఏరే మనిషి. తాండూరు బజారులో ఒక సేటు గోదాములో పొద్దంతా చేటలో కందులు పోసుకుని, పుచ్చులు, రాళ్లు, మట్టిబెడ్డలు ఏరి పారేయడమే ఆమె పని. ఆ చేతుల్లోంచి ఒక్క పుచ్చుగింజ జారిపోదని సేటు కూడా ఒప్పుకునేవాడు. భర్త ఏసుదాసు గనిలో పనిచేసేవాడు. మూడేళ్ల కింద బండ జారి కాలి మీద పడింది. కాలు అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. అప్పటి నుంచి అరుగు మీద కూర్చుని తాళ్లు పేనుతాడు. ఇల్లు నడిచేదంతా సంతోషమ్మ చేతుల మీదనే.

ఆ మూడేళ్లూ మత్తయ్య ఆమె కానుకను గుమ్మం దాటనివ్వలేదు. మొదటి ఏడు డజను గుడ్లు తీసుకుపోతే ఒక్కొక్కటీ తట్టి, "అన్నింటికి నెర్రెలున్నయి. వాపస్ తీస్కపో" అన్నాడు. మరుసటి ఏడు ఇంటి కప్పు మీద పాకించిన గుమ్మడికాయ తీసుకుపోతే, "లోపల బద్దుమంటున్నది. వాపస్ తీస్కపో" అన్నాడు. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సంతోషమ్మ చెంపలు మండిపోయాయి. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది, వచ్చే ఏడు మత్తయ్య నోరు మూయించకపోతే తన పేరు సంతోషమ్మే కాదని.

ఈ ఏడు సేటు ఇచ్చిన కూలికందుల్లోంచి సేరు తీసి దేవుని మూట కట్టింది. కట్టే ముందు రెండుసార్లు ఏరింది. పండుగ ముందురోజు మూట దింపి మూడోసారి ఏరింది. ఏసుదాసు చూసి చూసి, "ఏమే, గా గింజలు అరిగిపోతయేమో సూడు" అన్నాడు కూడా.

పండుగనాడు తెల్లచీర కట్టుకుని, తల ఎత్తుకుని, చర్చి గుమ్మంలో మత్తయ్య ముందు మూట విప్పింది.

మత్తయ్య పిడికెడు కందులు తీసుకున్నాడు. అరచేతిలో దొర్లించాడు. ఒక గింజను పంటికింద పెట్టాడు. ఆమె ముఖం చూడకుండా అన్నాడు, "పుచ్చులున్నయి. వాపస్ తీస్కపో."

కందులు ఏరే సంతోషమ్మ కందుల్లో పుచ్చులా! మంత్రసానికి పురుడు పోయడం రాదన్నట్టే గదా! ఏం మనిషండీ! కళ్లా అవి, గాజుగోళీలా!

"ఏడున్నయి పుచ్చులు? సూపియ్యి!"

"వెనుక మంది నిలబడ్డరు. జరుగు చెల్లె."

"జరగ! సూపియ్యి!"

పాస్టరుగారు వచ్చి సర్ది చెప్పబోయారు. సంతోషమ్మ ఆయన్నీ వదల్లేదు. "అయ్యగారూ, నవ్వుకుంట ఇయ్యాలె, ఖుషీగ ఇయ్యాలె అని మీరు జెప్తరు. నవ్వుకుంటనే తెచ్చిన. ఇగ మీ మత్తన్న నన్ను నవ్వులపాలు చేసిండు. గీనె గుమ్మంల ఉంటే నేను చర్చిలకు రాను!"

పాస్టరుగారు నుదురు రుద్దుకున్నారు. "అమ్మా, కూసోబెట్టింది నేనే గాని, మత్తయ్యను తీసెయ్యాలంటే నా ఒక్కని మాట చాలదు. వికారాబాదులో పెద్ద పాస్టరుగారికి అర్జీ పెట్టాలె. అయిదుగురు వేలిముద్రలు వేస్తే పంపుత. వచ్చే ఆదివారం దాకా కానుకలు తీసుకుంటనే ఉంటం, నువ్వేం ఫికర్ పడకు."

"అయిదేంది, యాభై తెస్త!"

ఆ సాయంత్రమే అర్జీ రాయించి బయలుదేరింది. మొదట బాల్‌రాజ్ ఇల్లు. ఆయన వేలిముద్రతో పని లేకుండా సంతకమే గీకి పారేశాడు. "మేకపోతు వోయింది నాది!" అన్నాడు. "ఒకటి గాదు, రెండు గాదు, ఇంకోటి పట్కరా, ఇంకోటి పట్కరా అని పానం దీసిండు." సంతోషమ్మకు ఉత్సాహం వచ్చింది. తన వేలిముద్రతో కలిపి రెండు. ఇంకా మూడే.

మరునాడు బీరమ్మ ఇంటికి పోయింది. బీరమ్మ పిడకలు చేసి అమ్ముకుంటూ తల్లి లేని ఇద్దరు మనుమలను సాకే ముసలమ్మ. నిరుడు ఆమె జొన్నల మూటను కూడా మత్తయ్య వెనక్కు పంపాడు.

"పెద్దమ్మా, వేలు ఇటియ్యి. మత్తన్న మీద అర్జీ."

"నేనెయ్య బిడ్డా."

"అదేంది? నీ జొన్నలు గూడ వాపస్ పంపె గద!"

"పంపిండు. గందుకే ఎయ్య." ముసలమ్మ పిడక గోడకు కొట్టి చేయి కడుక్కుంది. "దేవుని మూట గదా బిడ్డా. పోరలు ఆకలి ఆకలి అంటుంటే గూడ దించలె. దేవునిది తింటే అరుగుతదా? మత్తడు బూజు వట్టిందని వాపస్ ఇచ్చిండు. దేవుడే వద్దన్నంక ఇంకేంది? ఇంటికొచ్చి పట్టిచ్చి గట్క వండిన. వారం రోజులు కడుపుల నిండ తిన్నం."

"బూజు నిజంగ ఉండెనా?"

"బూజు పాడుగాను! ముత్యాల్లెక్క ఉండె."

సంతోషమ్మ అక్కడ నుంచి ఎల్లప్ప గుడిసెకు పోయింది. ఎల్లప్ప రెండేళ్లుగా దగ్గుతో మంచాన ఉన్నాడు. ఆయన కోడిపెట్టకు ముక్కు నెర్రె ఉందని మత్తయ్య వెనక్కు పంపాడు. ఆ పెట్ట వాకిట్లో తిరుగుతోంది. దాని ముక్కు కత్తిలా ఉంది. "రోజుకో గుడ్డు పెడుతది," అన్నాడు ఎల్లప్ప దగ్గుతూ. "డాక్టరు గూడ గుడ్డు తినమన్నడు. అర్జీ నేనెయ్య చెల్లె."

మూడో ఇల్లు రాహేలమ్మది. ముగ్గురు పిల్లలను వదిలేసి మొగుడు బొంబాయి పోయాడు. ఆమె కానుకనూ మత్తయ్య వెనక్కు పంపాడు. ఆమెను అడగనే లేదు సంతోషమ్మ. పొయ్యి మీద ఏమీ లేని ఆ ఇంటిని వాకిట్లోంచే చూసి వెనక్కు తిరిగింది.

దారిలో కాళ్లు ఆగిపోయాయి. బాల్‌రాజ్‌కు "ఇంకోటి పట్కరా" అన్నాడు. బీరమ్మకు "వాపస్ తీస్కపో" అన్నాడు. ఎల్లప్పకు వాపస్. రాహేలమ్మకు వాపస్. ఏసుదాసు కాలు విరగక ముందు, ఇంట్లో గనికూలి వస్తున్న రోజుల్లో, వాళ్ల పుంజుకు కూడా "ఇంకోటి పట్కరా" అనే అన్నాడు. కాలు విరిగిన ఏడు నుంచే వాపస్. ఆ ఏడు వెనక్కు వచ్చిన డజను గుడ్లూ తిన్నది మంచం మీదున్న ఏసుదాసే.

ఇప్పుడు కోపం చల్లారాలి గదా? మీరూ నేనూ అయితే కళ్లు తుడుచుకుని ఇంటికి పోయేవాళ్లం. సంతోషమ్మకు కోపం రెండింతలైంది. ఇంటికి పోయి కందుల మూట తీసుకుని తిన్నగా స్టేషను పక్క అడ్డాకు నడిచింది.

మత్తయ్య బండల వరుస మధ్య సుత్తె పట్టుకుని ఉన్నాడు. సంతోషమ్మ ఆయన ముందున్న నున్నటి బండ మీద కందులన్నీ పోసింది.

"మత్తన్నా, గీండ్ల ఒక్క పుచ్చు సూపియ్యి. సూపిస్తే అర్జీ చింపేస్త. నీ కాళ్లకు మొక్కుత."

మత్తయ్య కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు. ఒంగాడు. ఒక్కొక్క గింజనూ జరిపాడు. పనివాళ్లు చుట్టూ మూగారు. అటు గింజలు ఇటు, ఇటు గింజలు అటు. చెమట గడ్డం మీదుగా కారి బండ మీద పడింది. ముప్ఫై ఏళ్లలో ఒక్క బండ గురించి అబద్ధం చెప్పని మనిషి, సేరు కందుల దగ్గర దొరికిపోయాడు.

"దొరికిందా?"

"లేదు."

"మరి పుచ్చులున్నయని ఎందుకన్నవు? మా ఇల్లు కానరాకనా?"

మత్తయ్య నేల చూశాడు. "గది గాదు చెల్లె... మీ ఏసుదాసు... పొయ్యి మీద... గా కందులు నెల దినాలు పప్పుకైనా వస్తయి గద అని..."

"అంటే మమ్ముల బిచ్చపోళ్లను చేసినవు!"

"తోబా! నేనెందుకంట?"

"నోటితోటి అనలె. చేతితోటి అన్నవు!" సంతోషమ్మ నడుముకు కొంగు బిగించింది. "ఇను మత్తన్నా. పొద్దుగాల నుంచి పొద్దుమీకేదాక సేటు కందులు ఏరుత. బస్తాలకు బస్తాలు. గవ్వి ఒక్కటి గూడ నాయి గావు. గీ సేరు ఒక్కటే నాది. గీ సేరు ఏరేటప్పుడు నాకెంత సంబురమైందో నీకెర్కనా? నా చేతుల గూడ ఇచ్చేటందుకు ఒకటుందని సంబురం. గా సంబురాన్ని గుమ్మంలనే గుంజుకున్నవు. మూడేండ్ల సంది! ఇంట్ల తినేటందుకు లేదని, ఇచ్చేటందుకు గూడ లేకుంట చేస్తవా? నువ్వెవరివి?"

రైలు కూత వేసింది. జీవితంలో మొదటిసారి మత్తయ్యకు ఎదుటివాళ్ల మాటలో పెట్టడానికి వంక దొరకలేదు.

"ఆదివారం వస్త. నేనొక్కదాన్నే రాను," అని గింజ పోకుండా మూట కట్టుకుని వెళ్లిపోయింది.

ఆదివారం గుమ్మంలో మత్తయ్య జ్వరం పడ్డవాడిలా కూర్చున్నాడు. ముందు సంతోషమ్మ, ఒక చేతిలో అర్జీ, ఒక చేతిలో కందుల మూటతో. మత్తయ్య మూట విప్పకుండానే అందుకుని పక్కన పెట్టాడు. సంతోషమ్మ ముఖం విప్పారింది. ఆమె వెనక బీరమ్మ, గుప్పెడు జొన్నలతో. ఆమె వెనక ఎల్లప్ప, దగ్గుతూ, అప్పుడే పెట్టిన గుడ్డు చేతిలో పట్టుకుని. ఆయన వెనక రాహేలమ్మ, కొంగులో నాలుగు వంకాయలు. నలుగురూ పెళ్లికి వచ్చినవాళ్లలా నవ్వుతున్నారు. అది చూసి మత్తయ్యకు ఓర్పు నశించింది. చివాలున లేచాడు.

"మీకు బుద్ధున్నదా? ఇంట్ల గింజ లేదు, నవ్వుకుంట పట్కొస్తరా? బీరమ్మా, గా పోరలేం తింటరు? ఎల్లప్పా, డాక్టరు నీకు తినమన్నడా, దేవునికి పెట్టమన్నడా? మిమ్ముల సాకేటందుకు ఏటేట కొత్త వంకలు యాడికెల్లి తేవాలె నేను?"

పాస్టరుగారి చేతిలోంచి పాటల పుస్తకం జారింది. తానేం వాగాడో మత్తయ్యకు అప్పుడు తెలిసింది. సుత్తెను తువ్వాలలో దాచుకుని మళ్లీ కూలబడ్డాడు.

బాల్‌రాజ్ ముందుకు వచ్చాడు. "అయితే మత్తయ్యా, నా గుమ్మడికాయలకు నిజంగ నెర్రె ఉండెనా, లేదా?"

"లేదు."

"మరి?"

"గన్ని బండలు అమ్ముకునేటోనివి గుమ్మడికాయతోటి తప్పించుకుందమనుకున్నవు. గది నాకు నచ్చలె."

అందరూ గొల్లుమన్నారు. బాల్‌రాజ్ కాసేపు పళ్లు కొరికి, చివరికి తానూ నవ్వేశాడు. తన సంతకమున్న అర్జీని సంతోషమ్మ చేతిలోంచి తనే లాక్కుని చింపాడు.

మత్తయ్య ఒక్కడే నవ్వలేదు. ఇచ్చినవాళ్లు నలుగురూ వెలిగిపోతుంటే, తీసుకున్నవాడు మాత్రం కందిరీగ కుట్టినట్టు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. సంతోషమ్మ చూసింది. ఈ మనిషికి ఇవ్వడం వచ్చు, వెనక్కు ఇవ్వడమూ వచ్చు, తీసుకోవడం మాత్రం రాదు. ఆరాధనయ్యాక అడ్డం నిలబడింది.

"మత్తన్నా, మధ్యాహ్నం మా ఇంట్ల బువ్వ."

"నాకు పనున్నది."

"ఐతారం నాడు ఏం పని? రావాలె. రాకుంటే రేపు మల్ల అడ్డాకొస్త."

వచ్చాడు. ఆ బెదిరింపుకు ఎవరైనా వస్తారు. ఏసుదాసు పక్కన చాప మీద కూర్చున్నాడు. జొన్న గట్క, నూరిన పచ్చిమిరపకాయలు, అంతే. సంతోషమ్మ ఇద్దరికీ వడ్డించింది. మత్తయ్య తింటుంటే గిన్నె అడుగు గీరి మిగిలిందంతా ఆయన పళ్లెంలోనే వేసింది. ఆమె పళ్లెం గోడకు ఆనించింది ఆనించినట్టే ఉంది.

బండ లోపలి పగులు వినగలిగిన మనిషికి ఖాళీ గిన్నె గీరిన చప్పుడు తెలియదా? మత్తయ్య చేయి ఆగిపోయింది. గిన్నె వైపు చూశాడు. గోడకున్న పళ్లెం వైపు చూశాడు. నాకు చాలు, నువ్వు తిను అని నాలుక చివరిదాకా వచ్చింది. సంతోషమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన్నే చూస్తోంది. ఆ ముఖంలో అడ్డాలో చూసిన కోపం లేదు. చర్చి గుమ్మంలో చూసిన వెలుగు ఉంది.

మత్తయ్య తల వంచుకుని, మెతుకు వదలకుండా, అంతా తిన్నాడు. తెలిసీ తిన్నాడు. మిరపకారానికి ముక్కు ఎగబీల్చుకుంటూ తిన్నాడు.

"కడుపు నిండిందా మత్తన్నా?"

"ఏం నిండుతది?" మత్తయ్య మీసం తుడుచుకుంటూ కసురుకున్నాడు. "గింతంత పెట్టి నిండిందా అని అడుగుతవా? వచ్చే ఐతారం మల్లొస్త. ఎక్కువ వండు."

సంతోషమ్మ నవ్వడం మొదలుపెట్టింది. గోడకు జారగిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వింది. ఖాళీ కడుపుతో మనిషి అంత గట్టిగా నవ్వగలదని ఏసుదాసుకు ఆ రోజే తెలిసింది.